బౌద్ధ కొండల సైటు ప్రాజెక్టు డైరీ: 28 ఎంబీ హోమ్ పేజీని 430 కేబీకి దించడం

సైటు చిన్నదే. విశాఖ చుట్టుపక్కల బౌద్ధ కొండల గురించి తెలుగులో తొమ్మిది పేజీలు. తొట్లకొండ, బావికొండ, భీమిలి దగ్గరి పావురాళ్లకొండ, అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ, లింగాలకొండ, వీటికి తలా ఒక పేజీ. మిగతా నాలుగూ హోమ్ పేజీ, దారి చెప్పే పేజీ, పదాల పట్టిక, మా గురించి. వర్డ్‌ప్రెస్ లేదు, డేటాబేసు లేదు. అన్నీ చేత్తో రాసిన హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు, ఒక సీఎస్‌ఎస్, ఒక జావాస్క్రిప్టు. మొదటిసారి సొంతంగా సైటు కట్టుకునేవాళ్లు ఎక్కువమంది ఇక్కడిదాకా బాగానే వస్తారు. ఆ తర్వాత ఏం చేయాలన్నదే ఈ డైరీ.

ఈ సైటు తెరిచేది ఎక్కడ? బీచ్ రోడ్డులో భీమిలి వైపు బండి మీద పోతూ, తొట్లకొండ మలుపు దగ్గర ఆగి, ఎర్రటి ఎండలో ఫోను తీసేవాళ్ల చేతిలో. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ మీద ల్యాప్‌టాప్‌లో ఎంత వేగంగా తెరుచుకుంటే ఏం లాభం? ప్రతి నిర్ణయాన్నీ ఆ మలుపు దగ్గరి ఫోనును కళ్లముందు పెట్టుకునే తీసుకున్నాం.

కోడు పదాలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాం. మీ ఫైల్లో మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి.

1వ రోజు: తూకం

ఏదీ ముట్టుకోకముందు కొలవాలి. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, పేజీ లోపలి సంగతులు చూపించే డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబు, అందులో "డిసేబుల్ క్యాష్" టిక్కు. ఇన్‌కాగ్నిటో ఎందుకంటే మామూలు విండోలో మీరు వేసుకున్న ఎక్స్‌టెన్షన్లు కూడా పేజీలో వేలు పెడతాయి, లెక్క చెడుతుంది. పేజీ రీలోడ్ చేసి కింద కనిపించే మొత్తం రాసుకున్నాం. హోమ్ పేజీ 28 ఎంబీ చిల్లర. అందులో ఏడు ఫొటోలే 26 ఎంబీ. ఫాంట్లు నాలుగు కలిపి ఒక ఎంబీ పైన. మిగతాది మ్యాపు, యూట్యూబు, స్లైడరు స్క్రిప్టులు.

లైట్‌హౌస్ అన్నది డెవ్‌టూల్స్‌లోనే ఉండే పేజీ వేగం పరీక్ష. దాని మొబైల్ పరీక్ష సెకనుకు 1.6 మెగాబిట్ల నెట్టును, నాలుగింతలు నెమ్మదించిన ప్రాసెసరును ఊహించుకుని లెక్క కడుతుంది. 28 ఎంబీ అంటే 224 మెగాబిట్లు. 1.6తో భాగిస్తే 140 సెకన్లు. రెండు నిమిషాల ఇరవై సెకన్లు ఎండలో నిలబడి ఎవరు చూస్తారు?

లైట్‌హౌస్‌ను ఒక్కసారి నడిపి ఆ అంకె పట్టుకుని కూర్చోకండి. మూడుసార్లు నడిపి మధ్యది తీసుకోండి. వందకు ఎన్ని మార్కులు వచ్చాయన్నది తర్వాత సంగతి, ముందు చూడాల్సినవి మూడు. పేజీలో పెద్ద బొమ్మో పెద్ద శీర్షికో కనబడటానికి పట్టే సమయం, ఎల్‌సీపీ, 2.5 సెకన్లలోపు ఉండాలి. వేలు పెట్టాక పేజీ స్పందించే సమయం, ఐఎన్‌పీ, 200 మిల్లీసెకన్లలోపు. పేజీలో సరుకు అటూఇటూ ఎగరడం, సీఎల్‌ఎస్, 0.1 లోపు. ఐఎన్‌పీ 2024 మార్చిలో ఈ మూడింటిలో చేరింది, అంతకుముందు ఆ చోట ఎఫ్‌ఐడీ అన్న కొలత ఉండేది. పాత వ్యాసాల్లో ఎఫ్‌ఐడీ గురించి చదివితే ఆ భాగం దాటేయొచ్చు. లైట్‌హౌస్‌లో ఐఎన్‌పీ కనబడదు, ఎవరో ఒకరు నిజంగా వేలు పెడితేనే అది పుడుతుంది. దాని బదులు అక్కడ కనిపించే టీబీటీని, అంటే స్క్రిప్టులు పేజీని స్పందించనివ్వకుండా ఆపిన మొత్తం సమయాన్ని, చూసుకోవాలి.

2, 3 రోజులు: ఫొటోలు

ఫోను నుంచి తీసిన ఫొటోలు తీసినట్టే ఎక్కించి ఉన్నాయి. ఒక్కోటి 4000 బై 3000 పిక్సెళ్లు, దాదాపు నాలుగు ఎంబీ. సీఎస్‌ఎస్‌లో వెడల్పు తగ్గిస్తే తెర మీద బొమ్మ చిన్నదవుతుంది గాని దిగే ఫైలు మాత్రం నాలుగు ఎంబీగానే దిగుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే.

ఎంత వెడల్పు చాలు? మామూలు ఆండ్రాయిడ్ ఫోను తెర సీఎస్‌ఎస్ లెక్కలో 360 పిక్సెళ్లు, అసలు పిక్సెళ్లు దానికి రెండు మూడింతలు, అంటే 720 నుంచి 1080. కాబట్టి ప్రతి ఫొటోనూ 480, 800, 1200 వెడల్పుల్లో మూడు కాపీలు చేశాం. ఫార్మాటు వెబ్‌పీ, క్వాలిటీ 75. పది లోపు ఫొటోలుంటే స్క్వూష్ అన్న ఫొటోలు కుదించే యాపు చాలు, బ్రౌజర్లోనే నడుస్తుంది. మాకు అరవై దాకా ఉన్నాయి, అందుకని అన్నిటినీ ఒకే కమాండుతో మార్చే ఇమేజ్‌మ్యాజిక్ వాడాం. మోగ్రిఫై కమాండులో ఆప్షన్లు ఈ వరసలో: ఆటో-ఓరియెంట్, రీసైజ్ 1200, స్ట్రిప్, క్వాలిటీ 75, ఫార్మాట్ వెబ్‌పీ, పాత్ వేరే ఫోల్డరు.

ఈ వరసకు కారణం ఉంది. ఫోను నిలువుగా పట్టి తీసిన ఫొటోలో పిక్సెళ్లు చాలాసార్లు అడ్డంగానే ఉంటాయి, "తిప్పి చూపించు" అన్న గుర్తు మాత్రం ఫొటో ఫైల్లోనే దాగి ఉండే ఎక్సిఫ్ సమాచారంలో ఉంటుంది. స్ట్రిప్ ఆ సమాచారాన్ని తుడిచేస్తుంది. ముందు ఆటో-ఓరియెంట్‌తో పిక్సెళ్లను నిజంగా తిప్పకుండా స్ట్రిప్ చేస్తే స్తూపం పక్కకు పడుకుంటుంది. అలాగని స్ట్రిప్ మానేయకూడదు. ఫొటో తీసిన చోటు జీపీఎస్ అంకెలు కూడా ఎక్సిఫ్‌లోనే ఉంటాయి. కొండ మీద తీసినవాటికి ఫరవాలేదు, ఇంటి మేడ మీద తీసిన ఫొటో అయితే ఇంటి అడ్రసు లోకానికి ఇచ్చినట్టే. పాత్ ఆప్షను కూడా మరిచిపోవద్దు. ఫార్మాటు మార్చకుండా మోగ్రిఫై నడిపితే అసలు ఫొటోల మీదే రాసేస్తుంది, తిరిగి రావు.

అన్ని ఫొటోలకూ ఒకే క్వాలిటీ అంకె పెట్టి వదిలేస్తే సరిపోదని రెండో రోజే తేలింది. 1200 వెడల్పులో సముద్రం, ఆకాశం ఉన్న ఫొటో 70 కేబీకి దిగింది. అదే వెడల్పులో బావికొండ ఇటుకల వరసలు, మధ్యలో గడ్డి ఉన్న ఫొటో 240 కేబీ దగ్గర ఆగింది. గడ్డిపరకలు, ఇటుక గరుకుతనం అన్నీ సన్నటి వివరాలే, కుదించడానికి చోటు లేదు. అలాంటివాటికి క్వాలిటీ 65కి దించినా కంటికి తేడా తెలియదు. ఆకాశానిది సరిగ్గా తలకిందుల వ్యవహారం. సాయంత్రం సముద్రం మీది ఆకాశం క్వాలిటీ 60 కిందికి పోతే రంగు మెట్లు మెట్లుగా విడిపోతుంది. ఫైలు చిన్నదే కాబట్టి దానికి 80 ఇచ్చినా బరువు కాదు. గరుకు ఫొటోలకు తగ్గించండి, నునుపు ఫొటోలకు పెంచండి.

ఇంకొక చిక్కు బోర్డుల ఫొటోలతో వచ్చింది. కొండ మీది సమాచార బోర్డు ఫొటోను వెబ్‌పీ చేస్తే ముదురు నేల మీది ఎర్ర అక్షరాల అంచులు అలికినట్టయ్యాయి. మామూలు వెబ్‌పీ రంగు సమాచారాన్ని అడ్డంగా, నిలువుగా సగానికి తగ్గించి దాచుకుంటుంది. వెలుగుచీకట్ల తేడా తక్కువై రంగు తేడా ఎక్కువగా ఉన్నచోట అది బయటపడుతుంది. వెబ్‌పీ ఫైళ్లు చేసే సీవెబ్‌పీ కమాండులో షార్ప్-వైయూవీ అన్న ఆప్షను పెడితే కొంత మెరుగైంది. అసలు మేలైన పని, బోర్డు మీది విషయాన్ని టైపు చేసి పేజీలో పెట్టడం. ఫొటోలోని అక్షరాలను స్క్రీన్ రీడరు, అంటే చూపు లేనివాళ్లకు పేజీ చదివి వినిపించే సాధనం, చదవలేదు, ఫోనులో పెద్దవి చేసుకుని చదవడమూ కష్టమే. బోర్డు ఫొటోలు నాలుగూ తీసేశాం.

ఇప్పుడు ట్యాగు. ఐఎంజీ ట్యాగులో ఎస్‌ఆర్‌సీసెట్ కింద మూడు ఫైళ్లూ, పక్కన వాటి వెడల్పులూ ఇచ్చాం, బ్రౌజరు తనకు సరిపోయేది ఎంచుకుంటుంది. దాంతోపాటు బొమ్మ తెర మీద ఎంత వెడల్పు ఉంటుందో చెప్పే సైజెస్ తప్పకుండా రాయాలి. అది లేకపోతే బొమ్మ తెర మొత్తం వెడల్పు ఉంటుందనుకుని బ్రౌజరు పెద్ద ఫైలును దించుతుంది. మూడు వరసల గళ్లలో చిన్నగా కనబడే బొమ్మకు కూడా 1200 ఫైలే దిగుతుంది, చేసిన పనంతా వృథా.

విడ్త్, హైట్ రెండూ ట్యాగులోనే రాశాం, సీఎస్‌ఎస్‌లో హైట్ ఆటో పెట్టాం. బొమ్మ రాకముందే బ్రౌజరు దానికి చోటు వదిలిపెడుతుంది, కింద చదువుతున్న పేరా ఎగిరిపోదు. సీఎల్‌ఎస్ 0.31 నుంచి 0.06కి దిగింది ఈ ఒక్క మార్పుతోనే.

లోడింగ్ లేజీ, అంటే తెర దగ్గరికి వచ్చేదాకా బొమ్మను దించవద్దని చెప్పడం, కింది ఫొటోలకు మాత్రమే. మొదట అన్నిటికీ పెట్టి చూశాం, ఎల్‌సీపీ బాగుపడకపోగా పాడైంది. లేజీ పెట్టిన బొమ్మ తెరలో ఉందా లేదా అన్నది పేజీ అమరిక తేలాకే బ్రౌజరుకు తెలుస్తుంది, అప్పటిదాకా దించడం మొదలుపెట్టదు. పైన మొదటి బొమ్మకు లేజీ తీసేసి ఫెచ్‌ప్రయారిటీ హై, అంటే ముందు దీన్నే దించమని, పెట్టాం. ఆ బొమ్మ అంతకుముందు సీఎస్‌ఎస్ బ్యాక్‌గ్రౌండుగా ఉండేది. అలా ఉంటే సీఎస్‌ఎస్ ఫైలు వచ్చి, చదివాక గాని బొమ్మ ఒకటుందని బ్రౌజరుకు తెలియదు. దాన్ని కూడా మామూలు ఐఎంజీ ట్యాగుకు మార్చాం.

బొమ్మ బదులు చదివే ఆల్ట్ మాటల కోసం ఒక పూట పట్టింది. "ఫొటో 3" అని రాస్తే చూపు లేనివాళ్లకు ఏం అందుతుంది? "తొట్లకొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్టి, వెనక సముద్రం" అని రాశాం. తొట్లకొండకు ఆ పేరు వచ్చిందే ఆ తొట్ల వల్ల కాబట్టి ఆ బొమ్మకు ఆ మాటలు కావాలి.

4, 5, 6 రోజులు: అక్షరాలు

ఇంగ్లిషులో రాసిన వెబ్‌సైటు పాఠాలు తెలుగు సైటుకు అరకొరగా పనికొచ్చేది ఇక్కడ. అందుకే మూడు రోజులు పట్టింది.

సైటులో పేరాల మాటర్‌కు మండలి, శీర్షికలకు రామభద్ర, ఇంకా రెండు ఫాంట్లు అక్కడక్కడా ఉన్నాయి. మొదటి తప్పు బోల్డు. మండలికి ఒకే బరువు ఉంది, బోల్డు విడిగా లేదు. స్ట్రాంగ్ ట్యాగు వేసిన చోటల్లా బ్రౌజరే గీతలను లావు చేసి దొంగ బోల్డు తయారు చేస్తోంది. ఇంగ్లిషు అక్షరాలకు అది చెల్లిపోతుంది. తెలుగులో ఒత్తుల్లోని చిన్న సున్నాలు పూడిపోయి నల్లటి చుక్కలవుతాయి. "సంస్కృతి", "రాష్ట్రం" లాంటి మాటలు బోల్డులో పెట్టి చూడండి, వెంటనే తెలుస్తుంది.

ఫైళ్లు టీటీఎఫ్‌లో ఉన్నాయి. వాటిని వెబ్ కోసం నొక్కిన డబ్ల్యూఓఎఫ్‌ఎఫ్2 రకానికి మార్చి, అక్కర్లేని అక్షరాలు తీసేయాలనుకున్నాం. పైథాన్‌లో ఫాంట్‌టూల్స్, దానితో పాటు బ్రాట్లీ మాడ్యూలు వేసుకోవాలి, బ్రాట్లీ లేకపోతే డబ్ల్యూఓఎఫ్‌ఎఫ్2 రాయలేదు. పైఎఫ్‌టీసబ్‌సెట్ కమాండుకు ఉంచాల్సిన అక్షరాల చిట్టా ఇవ్వాలి. తెలుగు మొత్తం యూనికోడులో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా. మామూలు అంకెలు, విరామచిహ్నాలకు 0020 నుంచి 007ఈ. రూపాయి గుర్తు 20బీ9. కొటేషన్ గుర్తులు 2018 నుంచి 201డీ. ఇవి కాక కంటికి కనబడని రెండు గుర్తులు, పక్క అక్షరాలను కలవనివ్వని 200సీ, కలపమనే 200డీ. ఇందులో 200సీ లేకపోతే "సర్వర్‌లో" అన్నది "సర్వర్లో" అయిపోయే ప్రమాదం ఉంది, ఇంగ్లిషు మాటలు ఎక్కువున్న పేజీలో అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది లేఔట్ ఫీచర్స్ అన్న ఆప్షను. దానికి నక్షత్రం గుర్తు ఇవ్వాలి, అంటే అన్నీ ఉంచమని. ఏ హల్లు కింద ఏ ఒత్తు ఎలా కూర్చోవాలో చెప్పే నియమాలు ఫాంటులో జీసబ్, జీపాస్ అన్న పట్టికల్లో ఉంటాయి. బరువు తగ్గించే హడావుడిలో ఆ పట్టికలు తీసేసే సాధనాలు కొన్ని ఉన్నాయి. ఫైలు చాలా చిన్నదవుతుంది, సంతోషంగానే ఉంటుంది. పేజీ తెరిస్తే "స్తూపం" కాస్తా "స్‌తూపం" అయి కూర్చుంటుంది. కొత్త ఫాంటు ఫైలు ఎక్కించే ముందు ఒక పరీక్ష పేజీలో ఈ మాటలు పెట్టి చూసుకోండి: స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, రాష్ట్రం, వాఙ్మయం, దుఃఖం, ఉత్ప్రేక్ష, శ్రీకాకుళం, విశాఖపట్నం. అన్నీ సరిగా కూర్చుంటే మిగతావి దాదాపు కూర్చున్నట్టే.

ఫాంటు లైసెన్సు ఫైలు కూడా ఒకసారి చదవాలి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉన్నవాటిని ఇలా కోసుకోవచ్చు. పేరు రిజర్వు చేశామని అందులో రాసి ఉంటే మాత్రం మార్చిన ఫైలుకు అదే పేరు ఉంచకూడదు.

ఇంత చేశాక ఐదో రోజు ఒక ప్రశ్న వచ్చింది. పేరాల మాటర్‌కు అసలు ఫాంటు దించడం ఎందుకు? ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ముందే ఉంటుంది. ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు ఉంది. విండోస్‌లో నిర్మలా యూఐ ఉంది. మూడూ చదవడానికి హాయిగా ఉండేవే. కొండ మలుపు దగ్గరి ఫోనుకు ముందు కావాల్సింది మాటర్ వెంటనే కనబడటం. ఫాంట్-ఫ్యామిలీలో ఆ మూడు పేర్లూ వరసగా రాసి, చివర సాన్స్-సెరిఫ్ పెట్టి, మండలితో పాటు ఆ రెండు ఫాంట్లనూ తీసేశాం. మండలి అందమైన ఫాంటు, తీసేయడం మనసుకు కష్టంగానే ఉంది. కానీ ఆండ్రాయిడ్‌లో నిజమైన బోల్డు వచ్చింది, ఫాంటు మారినప్పుడు పేరాలు కదలడం పోయింది, దించే బరువు సున్నా అయింది. రామభద్ర మాత్రం శీర్షికలకు ఉంచాం, కోసిన ఫైలు వంద కేబీ లోపే. దానికి ఫాంట్-డిస్‌ప్లే స్వాప్, అంటే అది దిగేదాకా ఫోనులోని ఫాంటుతోనే చూపించమని.

శీర్షికల్లో వాడిన అక్షరాల మేరకే ఫాంటు కోస్తే ఇంకా చిన్నదవుతుంది కదా అనిపిస్తుంది. వద్దు. రేపు కొత్త శీర్షికలో ఒక్క కొత్త అక్షరం వస్తే ఆ మాట మధ్యలో వేరే ఫాంటు దూరుతుంది.

రామభద్రను ప్రీలోడ్ చేశాం, అంటే ముందుగానే దించమన్నాం. ప్రీలోడ్ లింకులో క్రాస్‌ఆరిజిన్ అన్న మాట ఉండాలి, ఫాంటు మన సొంత సర్వర్ మీదే ఉన్నా సరే. అది మరిస్తే ఒకే ఫాంటు రెండుసార్లు దిగుతుంది. నెట్‌వర్క్ ట్యాబులో ఫాంటు పేరు రెండు వరసల్లో కనబడితే కారణం ఇదే.

వరసల మధ్య దూరం. ఉచితంగా దొరికిన సీఎస్‌ఎస్ మూసల్లో శీర్షికలకు లైన్-హైట్ 1.1, 1.2 ఉంటుంది. ఇంగ్లిషు అక్షరానికి పైనా కిందా పెద్దగా ఏమీ లేదు. మనకు పైన గుడులు, కింద ఒత్తులు. రెండు వరసల శీర్షిక వస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద ఎక్కుతాయి. శీర్షికకు 1.45, మాటర్‌కు 1.75 పెట్టాం. "విశాఖపట్నం నుంచి దారి" అన్న బటను మీద ట కింది న ఒత్తు సగం తెగిపోయి ఉంది, ఎత్తు 36 పిక్సెళ్లకు బిగించి ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టడం వల్ల. ఎత్తు బిగించడం మానేసి పైనా కిందా ప్యాడింగ్ ఇచ్చాం, మిన్-హైట్ 48. ఒత్తు బయటికి వచ్చింది, వేలికి కూడా చోటు సరిపోయింది.

లెటర్-స్పేసింగ్ తెలుగుకు పెట్టొద్దు. టెక్స్ట్ జస్టిఫై కూడా వద్దు. మన మాటలు పొడుగు, ఫోను వెడల్పులో వరసకు మూడో నాలుగో పడతాయి, వాటిని అంచులకు లాగితే మధ్యలో గుంటలు పడతాయి. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో ల్యాంగ్ "టీఈ" రాయండి, లేకపోతే స్క్రీన్ రీడరుకు ఏ గొంతుతో చదవాలో తెలియదు.

రంగు కూడా ఇక్కడే సరిచేశాం. పక్క వివరాలు 999 అన్న లేత బూడిద రంగులో ఉన్నాయి. తెల్ల నేల మీద దాని కాంట్రాస్టు 2.85, ఉండాల్సింది కనీసం 4.5. 767676 వేస్తే సరిగ్గా గీత దాటుతుంది, 4.54. ఎండలో చదవాలి కాబట్టి 595959 పెట్టాం, 7 వస్తుంది.

7వ రోజు: పరాయి సరుకు

మ్యాపు ఐఫ్రేమ్ (మన పేజీలో వేరే సైటును చూపించే చట్రం), యూట్యూబు ఐఫ్రేమ్, స్లైడరు, దాని కోసం జేక్వెరీ అన్న జావాస్క్రిప్టు లైబ్రరీ. స్లైడరు తీసేసి ఫొటోలను పక్కకు జరుపుకునేలా సీఎస్‌ఎస్ స్క్రోల్-స్నాప్‌తో పెట్టాం, జేక్వెరీ అవసరమే పోయింది. యూట్యూబు చోట ఒక బొమ్మ, దాని మీద ప్లే గుర్తు, నొక్కితేనే అసలు వీడియో వస్తుంది. మిగిలిన మా స్క్రిప్టు పేజీ చదవడం అయ్యాకే నడిచేలా దానికి డిఫర్ పెట్టాం.

మ్యాపు బదులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారు చేసిన బొమ్మ, దాని కింద ఆ కంట్రిబ్యూటర్లకు క్రెడిట్టు లైను. అది పెట్టడం తప్పనిసరి. బొమ్మ నొక్కితే ఫోనులోని మ్యాపు యాపులో దారి తెరుచుకుంటుంది. ఆ లింకులో అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత. విశాఖ దాదాపు 17.7 ఉత్తరం, 83.3 తూర్పు. రెండూ తారుమారైతే 83 డిగ్రీల ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో పిన్ను పడుతుంది. బావికొండ లింకులో ఆ పొరపాటే దొరికింది. దశాంశం తర్వాత నాలుగు అంకెలు రాయండి, అది పదకొండు మీటర్ల లోపు ఖచ్చితం. మూడే రాస్తే నూట పది మీటర్లు తేడా రావచ్చు, కొండదారిలో అంటే వేరే మలుపు.

9వ రోజు: సర్వరు

తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు, ఇంగ్లిషుకు ఒకటే. కాబట్టి తెలుగు పేజీ బరువని భయపడేవాళ్లున్నారు. కంప్రెషన్ ఉంటే ఆ భయం అక్కర్లేదు. ఆ మూడింటిలో మొదటి బైటు ప్రతి అక్షరానికీ ఒకటే, రెండోది రెండు రకాలే. ఇలా పదేపదే వచ్చేదాన్ని జీజిప్ బాగా నొక్కుతుంది. తొట్లకొండ పేజీ 24 కేబీ ఉంటే 6 కేబీకి దిగింది. మా షేర్డ్ హోస్టింగులో అది ఆన్‌లో లేదు. అపాచీ సర్వరైతే హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో మాడ్ డిఫ్లేట్ లైన్లు వేయాలి, హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్టు, ఎస్‌వీజీలకు మాత్రమే. వెబ్‌పీ, డబ్ల్యూఓఎఫ్‌ఎఫ్2 ఫైళ్లు ముందే నొక్కినవి, మళ్లీ నొక్కితే సర్వరుకు శ్రమే గాని తగ్గేదేమీ లేదు.

సర్వరు ఎక్కడుందో చూశాం, అమెరికాలో. పేజీ మొదటి బైటు రావడానికి ముందు ఫోనుకూ సర్వరుకూ మధ్య కనీసం మూడు రాకపోకలు జరగాలి: కనెక్షను కలిపే టీసీపీకి ఒకటి, దాన్ని భద్రం చేసే టీఎల్‌ఎస్ 1.3కి ఒకటి, పేజీ అడిగి తెచ్చుకోవడానికి ఒకటి. ఒక రాకపోకకు పట్టే సమయం, పింగ్, 250 మిల్లీసెకన్లు చూపిస్తే ముప్పావు సెకను దారిలోనే పోయింది. అదే 40 అయితే 120 మిల్లీసెకన్లు. ముంబయిలో, హైదరాబాదులో డేటాసెంటర్లు ఉన్న హోస్టింగులు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఫైళ్లు మారని సైటు కాబట్టి ఫైళ్ల కాపీలను పలుచోట్ల ఉంచి దగ్గరి చోటు నుంచి ఇచ్చే సీడీఎన్‌ను, మన దేశంలో నోడ్లున్నదాన్ని, ముందు పెట్టుకున్నా చాలు. మేం మార్చాం.

క్యాషింగు, అంటే ఫోను ఫైళ్లను దాచుకోవడం, విషయంలో ఒక్కటే నియమం. బొమ్మలు, ఫాంటు, సీఎస్‌ఎస్‌లకు మ్యాక్స్-ఏజ్ 31536000, అంటే ఒక ఏడాది, పక్కన ఇమ్యూటబుల్, అంటే ఈ ఫైలు మారదని. హెచ్‌టీఎంఎల్‌కు నో-క్యాష్, అంటే ప్రతిసారీ కొత్తది ఉందా అని సర్వరును అడగమని. సీఎస్‌ఎస్ మార్చినప్పుడల్లా ఫైలు పేరు చివరి అంకె పెంచాలి. హెచ్‌టీఎంఎల్‌కు కూడా ఏడాది పెట్టేస్తే, మీరు వేళలు మార్చినా ఒకసారి వచ్చి వెళ్లినవాళ్లకు పాత వేళలే కనబడుతుంటాయి, వాళ్ల ఫోను దాకా వెళ్లి తుడిచే దారి మీకు లేదు.

10వ రోజు: వెతికేవాళ్లకు దొరకడం

పేజీ అడ్రసులు తెలుగులో ఉండేవి. బ్రౌజరు పైన చక్కగా కనబడతాయి. వాట్సాప్‌లో పంపితే వేరే కథ. "తొట్లకొండ" అన్నది యూనికోడు లెక్కలో తొమ్మిది గుర్తులు, 27 బైట్లు, లింకు కాపీ చేస్తే ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలై మొత్తం 81 అక్షరాలు. చూసినవాళ్లు వైరస్ లింకనుకుంటారు. అడ్రసులు ఇంగ్లిషు అక్షరాల్లోకి మార్చి, పాతవాటి నుంచి 301 దారి మళ్లింపు పెట్టాం. టైటిల్, వివరణ మాత్రం పూర్తిగా తెలుగులోనే, ప్రతి పేజీకి వేరుగా. తొమ్మిది పేజీలకూ ఒకే టైటిల్ ఉండేది.

పేరు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. తొట్లకొండ, తోట్లకొండ, పావురాళ్లకొండ, పావురాలకొండ. మొదటి పేరాలో "ఇలా కూడా రాస్తారు" అని ఒక వాక్యం చాలు. శంకరం పేజీలో జిల్లా పేరు విశాఖపట్నం అని ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అది అనకాపల్లి జిల్లా, దిద్దాం.

వాట్సాప్‌లో లింకు కింద బొమ్మ రావడానికి ఓజీ ఇమేజ్ ట్యాగు. 1200 బై 630 బొమ్మ, 300 కేబీ లోపు, అడ్రసు హెచ్‌టీటీపీఎస్‌తో మొదలై పూర్తిగా ఉండాలి. బొమ్మ మార్చినా పాతదే వస్తుంటే ఫైలు పేరు మార్చండి. పేజీల చిట్టా అయిన సైట్‌మ్యాప్ రాసి గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఇచ్చాం, దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు.

12, 13 రోజులు: సిగ్నలు పోయినా

హోమ్ పేజీ ఇప్పుడు సుమారు 430 కేబీ. అదే 1.6 మెగాబిట్ల లెక్కలో రెండు సెకన్ల పైచిలుకు. ఇక మిగిలింది సిగ్నలు లేని చోటు. సర్వీస్ వర్కరు పెట్టాం. సైటు ఒకసారి తెరిచినవాళ్ల ఫోనులో పేజీలను దాచి, నెట్టు లేనప్పుడు అక్కడి నుంచి చూపించే చిన్న స్క్రిప్టు అది. హెచ్‌టీటీపీఎస్ ఉంటేనే పనిచేస్తుంది. ఫైలు సైటు మొదటి ఫోల్డర్లోనే ఉండాలి. స్క్రిప్టుల ఫోల్డర్లో పెడితే ఆ ఫోల్డరు వరకే దాని అధికారం, పేజీలను పట్టించుకోదు.

పేజీలకు ముందు నెట్టు, మూడు సెకన్లలో రాకపోతే దాచిన కాపీ. బొమ్మలకు ముందు దాచిన కాపీ. ముందుగా దాచుకోవాల్సిన చిట్టాలో తొమ్మిది పేజీలు, సీఎస్‌ఎస్, ఫాంటు, మ్యాపు బొమ్మలు రాశాం. మొదటిసారి ఇన్‌స్టాలే కాలేదు. యాడ్‌ఆల్ అన్న కమాండు చిట్టాలో ఒక్క ఫైలు దొరక్కపోయినా మొత్తం వదిలేస్తుంది. మేం పదో రోజు పేర్లు మార్చిన పేజీల్లో ఒకదాని కొత్త పేరును చిట్టాలో తప్పుగా కొట్టాం. డెవ్‌టూల్స్‌లో అప్లికేషన్ ట్యాబు, సర్వీస్ వర్కర్స్ కింద చూస్తే ఎర్రగా కనబడింది. క్యాషు పేరులో వెర్షను అంకె ఉంచి, మార్పు చేసినప్పుడల్లా పెంచి, పాతవి తుడిచే లైను కూడా రాసుకోండి. దీనికి తోడు, ఏమీ చేయకుండా తనను తాను రిజిస్టరు నుంచి తీసేసుకునే ఖాళీ సర్వీస్ వర్కరు ఫైలు ఒకటి ముందే రాసి పక్కన పెట్టుకోండి. ఏదైనా తిరగబడితే దాన్ని ఎక్కిస్తే చాలు.

14వ రోజు: కొండ దగ్గర

2 జీబీ ర్యామున్న పాత ఆండ్రాయిడ్ ఫోనుతో పరీక్ష. ఊళ్లో హోమ్ పేజీ ఒకసారి తెరిచి, తొట్లకొండ పైకి వెళ్లి ఏరోప్లేన్ మోడ్ పెట్టి ఒక్కో పేజీ తెరిచాం. మాటరు, మ్యాపు బొమ్మ, శీర్షికల ఫాంటు అన్నీ వచ్చాయి. మధ్యాహ్నం ఎండలో పక్క వివరాలు కూడా చదవగలిగాం.

కొండల పేజీల్లో మాత్రం ఫొటోల చోట ఖాళీ గళ్లు, వాటిలో ఆల్ట్ మాటలు. కారణం సూటిగానే ఉంది. ఊళ్లో ఆ పేజీలు ఎవరూ తెరవలేదు, కాబట్టి ఆ ఫొటోలు ఎన్నడూ దిగలేదు, దాచిన కాపీ లేదు. ఒక్కో కొండ పేజీ నుంచి ముఖ్యమైన రెండు ఫొటోల 480 వెడల్పు కాపీలను ముందుగా దాచే చిట్టాలో చేర్చాం. పది ఫొటోలు, ఒక్కోటి 30 నుంచి 45 కేబీ, కలిపి 400 కేబీ లోపే. అవి ఒకేసారి దిగి హోమ్ పేజీని నెమ్మది చేయకుండా, పేజీ పూర్తిగా లోడయ్యాకే సర్వీస్ వర్కరును రిజిస్టరు చేసేలా ఆ లైనును లోడ్ ఈవెంటు లోపలికి జరిపాం. ఎస్‌ఆర్‌సీసెట్‌లో ఫోను అడిగేది 800 ఫైలును, దాచింది 480ని. అందుకని నెట్టు లేనప్పుడు 800 పేరు అడిగితే 480 ఫైలు తీసివ్వమని ఫెచ్ భాగంలో నాలుగు లైన్లు రాయాల్సి వచ్చింది. వెర్షను అంకె 3 నుంచి 4కి పెంచి ఎక్కించాం. వచ్చే వారం బొజ్జన్నకొండ మెట్ల దగ్గర ఇదే పరీక్ష.